వాడకు బడి తెచ్చిన భాగ్యరెడ్డి వర్మ

మన హాస్టళ్లలో బాబాసాహెబ్ అంబేద్కర్ ఫొటో లేని హాలు ఉండదు. ఏప్రిల్ 14 వచ్చిందంటే పూలదండలు, ఉపన్యాస పోటీలు మామూలే. ఆయన కంటే మూడేళ్ల ముందు హైదరాబాదులో పుట్టి, దళిత వాడల్లో బడులు పెట్టిన మరో మనిషి ఉన్నాడు. ఆయన పేరు మాదరి భాగ్యరెడ్డి వర్మ. ఆయన మనకు ఎక్కువగా పోటీ పరీక్షల పుస్తకంలో ఒక బిట్టుగా మాత్రమే తెలుసు. జగన్మిత్ర మండలి స్థాపించిన సంవత్సరం ఏది అంటే 1906 అని టిక్కు పెట్టి ముందుకు పోతాం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల హాస్టళ్లలో చదువుకున్న మేము కూడా అట్లా టిక్కు పెట్టినవాళ్లమే. ఆ ఒక్క సంవత్సరం వెనక ఎంత జీవితం ఉందో ఈ వార్షికోత్సవ సంచికలో తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పాలని అనుకున్నాం.

ఆనాటి రోజులు

వర్మ పుట్టేనాటికి తెలంగాణ నిజాం ఏలుబడిలో ఉంది. ఊర్లలో పెత్తనం దొరలది, పటేల్ పట్వారీలది. ఊరి చివర వాడల్లో ఉన్నవాళ్ల మీద వెట్టి ఉండేది. దొర గడీకి కట్టెలు కొట్టాలి, నీళ్లు మోయాలి. చెప్పులు కుట్టి ఊరికే ఇవ్వాలి. అధికారి ఊరికి వస్తే ఆయన సామాను మోయాలి. ఒక ఊరి కబురు ఇంకో ఊరికి నడిచిపోయి చెప్పాలి. దేనికీ కూలి లేదు. తండ్రి చేసిన వెట్టే కొడుకు చేయాలి.

దాదాపు అదే కాలంలో అమెరికాలో నల్లజాతి ప్రజలు బానిసత్వం నుంచి బయటపడుతున్నారు. అక్కడ అంతర్యుద్ధం 1865లో ముగిసింది. అదే ఏడాది రాజ్యాంగ సవరణతో బానిసత్వం రద్దయింది. 1868లో పౌరసత్వం, 1870లో నల్లజాతి పురుషులకు ఓటు వచ్చాయి. కాని 1877లో కేంద్ర సైన్యం రక్షణ ఎత్తివేశాక దక్షిణాది రాష్ట్రాలు ఆ హక్కులను ఒక్కొక్కటిగా కాజేశాయి. పోయిన ఓటు గట్టిగా చేతికి రావడానికి 1965 దాకా ఆగాల్సి వచ్చింది. చట్టం ఒక్క రోజులో వస్తుంది. దాన్ని నిలబెట్టుకునే బలం మాత్రం ప్రజలు తమకు తాము కూడగట్టుకోవాలి. అమెరికాలో బానిసగా పుట్టిన ఫ్రెడరిక్ డగ్లస్ అట్లాగే చేశాడు. 1838లో తప్పించుకుని పారిపోయి, పేరు మార్చుకుని, 1847లో సొంత పత్రిక పెట్టి తన జనం కోసం నిలబడ్డాడు. మన భాగ్యరెడ్డి వర్మ జీవితంలో కూడా పేరు, బడి, సంఘం, పత్రిక అనే నాలుగు మెట్లు కనిపిస్తాయి.

భాగయ్య భాగ్యరెడ్డి అయిన వైనం

1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో ఆయన పుట్టాడు. తండ్రి మాదరి వెంకయ్య, తల్లి రంగమాంబ. తల్లిదండ్రులు పెట్టిన పేరు భాగయ్య. వాళ్ల ఇంటి గురువు ఆ పేరును భాగ్యరెడ్డిగా మార్చాడు. రెడ్డి అనే మాట రేడు అనే మాట నుంచి వచ్చిందని, రేడు అంటే ఏలినవాడని, ఈ నేలకు మొదటి హక్కుదారులు వీళ్లేనని ఆ గురువు ఉద్దేశం. తరువాత 1913లో ఆర్య సమాజం వాళ్లు ఆయన సేవను మెచ్చి వర్మ అనే బిరుదు ఇచ్చారు.

పేరు మారితే ఏమవుతుందని కొందరికి అనిపించవచ్చు. మన తాతల పేర్లు ఊర్లో ఎట్లా పిలిచేవాళ్లో ఒకసారి గుర్తు చేసుకోవాలి. తెల్ల వెంట్రుకలు వచ్చిన మనిషిని కూడా చిన్న పిల్లలు పేరు చివర గాడు తగిలించి పిలిచేవాళ్లు. అటువంటి రోజుల్లో ఒక వాడ మనిషి ఎదుటివాళ్లు గౌరవంగా పలకాల్సిన పేరు పెట్టుకుని రాజధాని నగరంలో తిరిగాడు. అది ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఇంటి పరిస్థితి బాగాలేక చిన్న వయసులోనే ఆయన ఒక బారిస్టరు ఇంట్లో పనికి కుదిరాడు. పని చేస్తూనే చదువుకున్నాడు. ఆ ఇంట్లో పుస్తకాలు, పత్రికలు చూశాడు. తనకు దొరికిన ఆ కొంచెం వెలుతురు తన వాడకు కూడా దొరకాలనుకున్నాడు.

మండలి, సంఘం, బడులు

1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో ఆయన జగన్మిత్ర మండలి స్థాపించాడు. ఇప్పుడు మన హాస్టల్లో ఇంటర్ చదివే తమ్ముడి వయసు అది. అప్పటికి వాడల్లో చదువు వచ్చినవాళ్లు చాలా తక్కువ. కరపత్రం పంచితే చదివేవాళ్లు లేరు. అందుకని ఆయన హరికథలు, భజనలు పెట్టించాడు. జనం రాత్రిపూట పని ముగించుకుని వచ్చి కూర్చునేవాళ్లు. కథ మధ్యలో కల్లు సారా మానమని, పిల్లల్ని బడికి పంపమని, చిన్నప్పుడే పెళ్లిళ్లు చేయవద్దని, దేవతల పేరు మీద జంతువుల్ని బలి ఇవ్వవద్దని చెప్పేవాళ్లు.

1910లో ఆయన ఇసామియా బజార్, లింగంపల్లి వంటి చోట్ల వాడ పిల్లల కోసం బడులు మొదలుపెట్టాడు. అంబేద్కర్ అప్పటికి ఇంకా బొంబాయిలో కాలేజీ విద్యార్థి. నిజాం రాజ్యంలో సర్కారు చదువు ఉర్దూలో సాగేది. వర్మ మాత్రం పిల్లలకు ఇంటి భాష అయిన తెలుగులో అక్షరాలు దిద్దించాడు. ఒక్కొక్కటిగా ఆ బడులు ఇరవైకి పైగా అయ్యాయి. 1930లలో నిజాం ప్రభుత్వం వాటిని తన నిర్వహణలోకి తీసుకుంది. అంటే సర్కారు చేయాల్సిన పనిని ముందు సంఘం చేసి చూపించింది, ఆ తరువాతనే సర్కారు కదిలింది. ఈ రోజు మనం తింటున్న హాస్టల్ అన్నం, చదువుతున్న స్టడీ అవర్ ఎవరో దయతో ఇచ్చినవి కావని గట్టిగా చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

1911లో జగన్మిత్ర మండలి మన్య సంఘం అయింది. 1920ల మొదట్లో అది ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్‌గా మారింది. వాడల్లో తగాదాలు వస్తే పోలీసుల దగ్గరికి, దొరల దగ్గరికి పోయి జరిమానాలు కట్టుకోకుండా, సంఘం తరఫున పంచాయతీలు పెట్టి తీర్పులు చెప్పే పద్ధతి తెచ్చాడు.

బెజవాడ సభ

1917 నవంబరులో బెజవాడలో ఒక పెద్ద సభ జరిగింది. దాని పేరు ప్రథమ ఆంధ్రదేశ పంచమ మహాజన సభ. అధ్యక్షుడిగా భాగ్యరెడ్డి వర్మను పిలిచారు. పంచములు అంటే నాలుగు వర్ణాలకు బయట ఉన్న అయిదోవాళ్లు అని అర్థం. అధ్యక్ష స్థానంలో కూర్చున్న వర్మ ముందుగా ఆ పేరునే ప్రశ్నించాడు. పంచమ అనే మాట పురాణాల్లో ఎక్కడా లేదని, ఈ జనం ఈ నేల మొదటి వాసులని, కాబట్టి వాళ్లను ఆది ఆంధ్రులు అనాలని వాదించాడు. సభ ఒప్పుకుంది. ఆ సభ చరిత్రలో ఆది ఆంధ్ర మహాసభగా నిలిచిపోయింది. సభ జరిగిన మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసి ఉంచారు. ఊరి నిండా దళితులు వచ్చారని, గుడిలోకి వస్తారేమోనని ఆ భయం.

ఆ పేరు సభలోనే ఆగిపోలేదు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అనే పేర్లను ఆమోదించింది. హైదరాబాద్ రాజ్యంలో 1931 జనాభా లెక్కల్లో దళితులను ఆది హిందువులుగా రాయించడం వర్మ, ఆయన సహచరుల కృషి వల్లనే జరిగింది. జనాభా లెక్క అంటే కాగితం మీద అంకె కాదా అని మనం అనుకోవచ్చు. ఎంతమంది ఉన్నారో తేలితేనే బడి ఎన్ని, సీట్లు ఎన్ని, కౌన్సిల్లో మన మనిషి ఉండాలా వద్దా అని అడగడానికి వీలవుతుంది. ప్రత్యేక నియోజకవర్గాల చర్చ వచ్చినప్పుడు ఆయన అంబేద్కర్ పక్షాన నిలబడ్డాడు.

మాల, మాదిగ వాడల మధ్య గోడలు ఉండకూడదనీ ఆయన కోరుకున్నాడు. అందరికీ కలిపి ఒకే పేరు కావాలని పట్టుబట్టడంలో ఆ ఆశ కూడా ఉంది.

జోగినీలు, వెట్టి, పత్రిక

దేవుడి పేరు మీద ఆడపిల్లను ఊరికి వదిలేసే జోగినీ, బసివి, మురళి ఆచారాలకు వ్యతిరేకంగా ఆయన తిరిగి తిరిగి చెప్పాడు. ఈ ఆచారం మన పాత కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల్లో ఆయన తరువాత కూడా చాలాకాలం నడిచింది. దాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేక చట్టం 1988లో వచ్చింది. అంటే ఆయన పుట్టిన నూరేళ్లకు.

1931లో ఆయన భాగ్యనగర్ పత్రిక ప్రారంభించాడు. పక్షానికి ఒకసారి వచ్చే ఆ పత్రికలోనే ఆయన వెట్టి మాదిగ అనే కథ రాశాడు. వెట్టి చేసే మనిషే కథకు నాయకుడు కావడం తెలుగులో అప్పటికి కొత్త. 1937లో ఆ పత్రిక పేరు ఆది హిందూగా మారింది.

ఆయనకు బౌద్ధం మీద కూడా మక్కువ ఉండేది. హైదరాబాదులో బుద్ధ జయంతి జరిపించాడు. కొడుకుకు గౌతమ్ అని పేరు పెట్టుకున్నాడు. 1939 ఫిబ్రవరి 18న, యాభై ఏళ్లకే కన్నుమూశాడు.

ఆయనకు పరిమితులు లేవని మేము అనడం లేదు. ఆయన పని ఎక్కువగా హైదరాబాద్, సికింద్రాబాద్ వాడల్లోనే సాగింది. జిల్లాల్లో గడీల నీడకు అది పూర్తిగా చేరలేదు. పెద్ద కులాల సంస్కర్తల సాయం, నిజాం ప్రభుత్వ సాయం తీసుకుంటూ పని చేశాడు. మాంసం మానమని, అలవాట్లు మార్చుకోమని చెప్పడం మీద ఇప్పటివాళ్లకు వేరే అభిప్రాయం ఉండవచ్చు. అయినా అక్షరం, సంఘం అనే రెండు పనిముట్లను వాడ చేతికి ఇచ్చింది ఆయన తరమే.

ఆయన తరువాత మన జిల్లాలో

1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం ఇండియాలో కలిసింది. 1950లో రాజ్యాంగం వచ్చి 17వ అధికరణంతో అంటరానితనాన్ని, 23వ అధికరణంతో వెట్టిని నిషేధించింది. 1952లో మొదటి లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. దేశం మొత్తంలో అంబేద్కర్ పార్టీ అయిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌కు రెండే రెండు లోక్‌సభ సీట్లు వచ్చాయి. అందులో ఒకటి షోలాపూర్, రెండోది మన కరీంనగర్. బొంబాయిలో అంబేద్కర్ స్వయంగా ఓడిపోయిన ఎన్నికలో మన జిల్లా నుంచి ఎం.ఆర్. కృష్ణ ఆ పార్టీ తరఫున గెలిచాడు. ఇది మన హాస్టల్ పిల్లలందరికీ తెలిసి ఉండాల్సిన సంగతి.

అయితే రాజ్యాంగం వచ్చినంత మాత్రాన గడీలు కూలిపోలేదు. 1976లో వెట్టి చాకిరీ రద్దు చట్టం చేయాల్సి వచ్చింది. ఆ చట్టం వచ్చిన రెండేళ్లకు కూడా జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల ఊర్లలో వెట్టి బతికే ఉంది. 1978 సెప్టెంబరులో వేలాదిమంది రైతు కూలీలు జగిత్యాలకు నడిచి వచ్చారు. దాన్నే జగిత్యాల జైత్రయాత్ర అంటాం. వెట్టి పోవాలన్నది వాళ్ల ముఖ్యమైన కోరికల్లో ఒకటి. కొద్ది వారాలకే ప్రభుత్వం ఈ రెండు తాలూకాలనూ కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అమెరికాలో 1865కూ 1965కూ మధ్య ఎంత దూరమో, మన దగ్గర వర్మ మొదటి బడికీ గడీ ముందు తల ఎత్తిన రోజుకూ మధ్య కూడా చాలా దూరమే ఉంది.

మనం చేయదగిన పని

2016లో జగిత్యాల, సిరిసిల్ల జిల్లా కేంద్రాలు అయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి. అయినా పదో తరగతి తప్పి మరమగ్గం మీద కూర్చున్న తమ్ముడు, చాట ముందు పెట్టుకుని బీడీలు చుట్టే చెల్లె, వీసాకు అప్పు చేసి గల్ఫ్ పోయిన అన్న మనలో ప్రతి ఒక్కరి ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్నారు. వాళ్లు తెలివి లేక ఆగిపోలేదు. ఆ ఒక్క ఏడు చేయి పట్టుకునే మనిషి లేక ఆగిపోయారు.

భాగ్యరెడ్డి వర్మ పద్దెనిమిదేళ్లకు చేతిలో పైసలు లేకుండానే పని మొదలుపెట్టాడు. ఉద్యోగాల్లో ఉన్న పాత విద్యార్థులకు మా విన్నపం ఇది. ఊరికి పోయినప్పుడు వాడలో ఒక ఆదివారం గంటసేపు పదో తరగతి పిల్లలకు లెక్కలో ఇంగ్లీషో చెప్పండి. మీ హాస్టల్‌కు ఒక దినపత్రిక చందా కట్టండి. ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు, బడి మానేసిన ఒక్కరితోనైనా మాట్లాడి ఓపెన్ స్కూల్ ఫారం నింపించండి. మే 22 ఎండాకాలం సెలవుల్లో వస్తుంది కాబట్టి హాస్టల్లో ఆయన జయంతి జరుపుకునే వీలు ఉండదు. ఫిబ్రవరి 18న మాత్రం అందరం హాస్టల్లోనే ఉంటాం. వచ్చే ఏడు ఆ రోజున ఆయన ఫొటో కూడా హాలులో పెట్టుకుందాం. ఆ సాయంత్రం ఆయన జీవితం మన మాటల్లో మనమే చెప్పుకుందాం.