ఆంధ్రకేసరి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయిన రోజు

టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు వినగానే మనందరికీ గుర్తొచ్చేది 1928 నాటి మద్రాసు సంఘటన. సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా జరిగిన నిరసనలో, గురిపెట్టిన తుపాకుల ఎదుట చొక్కా విప్పి గుండె చూపించిన మనిషి ఆయన. చిన్నప్పుడు పాఠంలో చదువుకున్నాం, స్కూలు వార్షికోత్సవాల్లో ఏకపాత్రాభినయాలు కూడా చూశాం. కానీ ఆయన జీవితంలో ఇంకొక ముఖ్యమైన రోజు ఉంది. దాని గురించి మన సభల్లో ఎవరైనా మాట్లాడగా నేను పెద్దగా వినలేదు. అది 1954 నవంబర్ 6. ఆ రోజు కర్నూలులో ఆంధ్ర రాష్ట్ర శాసనసభ అవిశ్వాస తీర్మానం మీద ఓటు వేసింది. ముఖ్యమంత్రి ప్రకాశం గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది.

ఎమిరేట్స్‌లో ఉంటున్న మనకు ఈ కథ ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. మన పిల్లల్లో చాలామంది ఇక్కడే పుట్టి, అబుదాబిలోనో, దుబాయ్‌లోనో, షార్జాలోనో చదువుకుంటున్నారు. ఇక్కడి ఫెడరల్ నేషనల్ కౌన్సిల్ 1972లో మొదలైంది. అందులో 40 మంది సభ్యులు. చట్టాల ముసాయిదాలు చర్చిస్తారు, మంత్రులను ప్రశ్నలు అడుగుతారు. అయితే ఆ సభ ఓటు మీద ప్రభుత్వం నిలవడం, పడడం అనేది ఇక్కడి పద్ధతిలో లేదు. కాబట్టి సివిక్స్ పుస్తకంలో అవిశ్వాస తీర్మానం అనే మాట చదివినప్పుడు పిల్లలకు అది పరీక్ష కోసం బట్టీపట్టే మాటలాగే ఉంటుంది. ఆ మాటకు ఒక మనిషి ముఖం చూపించాలంటే నాకు ప్రకాశం గారి కంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

పూటకూళ్ల ఇంటి నుంచి బారిస్టరు దాకా

ప్రకాశం గారు 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. తండ్రి చిన్నతనంలోనే పోయారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పెంచారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే ఉపాధ్యాయుడు ఈ కుర్రవాడిలోని చురుకుదనం చూసి చేరదీసి, తనతో పాటు రాజమండ్రి తీసుకువెళ్లారు. అక్కడ చదువుతో పాటు నాటకాల్లో వేషాలు కూడా వేశారు. ప్లీడరీ చదివి రాజమండ్రిలో ప్రాక్టీసు పెట్టారు. 1904 నాటికి, ముప్ఫై ఏళ్లు దాటీ దాటకుండానే, ఆ ఊరి మున్సిపల్ చైర్మన్ అయ్యారు.

అదే సంవత్సరం బారిస్టరు చదువుకు ఇంగ్లండు వెళ్లి 1907లో తిరిగి వచ్చారు. మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు బ్రహ్మాండంగా సాగింది. బాగా సంపాదించారు. చదువుకోసం సముద్రం దాటి, తిరిగి వచ్చి సంపాదనలో పడిన జీవితం మనలో చాలామందికి తెలిసినదే. అక్కడి నుంచి ఆయన దారి వేరయింది. 1921లో సహాయ నిరాకరణ పిలుపుతో ప్రాక్టీసు వదిలేశారు. అదే ఏడాది స్వరాజ్య అనే ఇంగ్లీషు దినపత్రిక మొదలుపెట్టారు. కోర్టులో గడించినదంతా ఆ పత్రికకు, ఉద్యమానికి ఖర్చయిపోయింది. తరువాత ఉప్పు సత్యాగ్రహం, వ్యక్తి సత్యాగ్రహం, క్విట్ ఇండియా, ప్రతిసారీ జైలు.

చట్టసభలు ఆయనకు కొత్త కాదు. 1937లో రాజాజీ గారి మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి అయ్యారు. జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షుడిగా ఉండి, భూమి మీద హక్కు రైతుదేనని తేల్చిన నివేదిక ఇచ్చారు. 1946లో మద్రాసు రాష్ట్రానికి ప్రధాని ఎన్నిక వచ్చినప్పుడు (అప్పట్లో రాష్ట్ర ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు) కాంగ్రెస్ అధిష్ఠానం మొగ్గు రాజాజీ వైపు ఉంది. అయినా పార్టీ శాసనసభ్యులు ఓటు వేసి ప్రకాశం గారినే ఎన్నుకున్నారు. ఏడాది తిరగకముందే, 1947 మార్చిలో, అదే పార్టీలోని వర్గాలు ఆయన మీద అవిశ్వాసం ప్రకటించి దింపేశాయి. అంటే కర్నూలు ఓటమికి ఏడేళ్ల ముందే ఆయన ఈ చేదు ఒకసారి రుచి చూశారు.

గుడారాల రాజధాని

1952 డిసెంబర్ 15న పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో నిరాహారదీక్షలో ప్రాణాలు వదిలారు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కర్నూలు రాజధాని. మన సంఘాల్లో కొందరు నవంబర్ 1 అంటారు, కొందరు జూన్ 2 అంటారు, ఈ అక్టోబర్ 1 మాత్రం చాలామందికి గుర్తుండదు. భాషను ప్రాతిపదికగా చేసుకుని స్వతంత్ర భారతంలో ఏర్పడిన మొదటి రాష్ట్రం అదే.

మద్రాసు దక్కలేదు. చేతిలో పెద్ద ఊరు లేదు, సరిపడా భవనాలు లేవు, ఖజానాలో డబ్బు లేదు. ప్రభుత్వ కార్యాలయాలను కర్నూలులో గుడారాలు వేసి నడిపారు. ఆ పరిస్థితుల్లో ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్న ప్రకాశం గారికి అప్పటికి 81 ఏళ్లు నిండాయి. ఆయన అంతకుముందే కాంగ్రెస్ వదిలి ప్రజా పార్టీ పెట్టి ఉన్నారు. అయినా అందరినీ కలపగల పెద్దమనిషిగా కాంగ్రెస్ ఆయనకే మద్దతు ఇచ్చింది. నీలం సంజీవరెడ్డి గారు ఉప ముఖ్యమంత్రి. ఆ కొద్దికాలంలోనే హైకోర్టు గుంటూరులో వచ్చింది, 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది, తెగిపోయిన పాత కృష్ణా ఆనకట్ట స్థానంలో బెజవాడలో కొత్త బ్యారేజి పని మొదలైంది. అదే నేటి ప్రకాశం బ్యారేజి.

కానీ సభలో లెక్క సన్నని దారం మీద ఉంది. మొత్తం సభ్యులు 140 మంది. కాంగ్రెస్‌కు సొంత మెజారిటీ లేదు. కమ్యూనిస్టులు బలమైన ప్రతిపక్షం. ఎన్.జి. రంగా గారి కృషికార్ లోక్ పార్టీ, స్వతంత్రులు, చిన్న చిన్న పక్షాలు ఎటు మొగ్గితే త్రాసు అటు వాలుతుంది.

కల్లు ముంత దగ్గర వచ్చిన చిక్కు

ప్రభుత్వాన్ని పడగొట్టిన విషయం మద్యనిషేధం. దీని వెనక కథ కొంత తెలుసుకోవాలి. మద్రాసు రాష్ట్రంలో 1948 అక్టోబర్ 2 నాటికి మద్యనిషేధం అన్ని జిల్లాలకూ విస్తరించింది. ఆంధ్ర విడిపోయినప్పుడు ఆ చట్టం కూడా వెంట వచ్చింది. గాంధీ గారి బాటలో నడిచిన తరానికి అది నీతికి సంబంధించిన విషయం. రాజ్యాంగం 47వ అధికరణం కూడా ఆ దిశగానే చెబుతుంది.

మరోవైపు తాటిచెట్టు, ఈతచెట్టు ఎక్కి కల్లు గీసి బతికే కులవృత్తుల వారు లక్షల్లో ఉన్నారు. చట్టం వారి మోకు, ముంత లాగేసింది కానీ వేరే పని చూపించలేదు. దొంగసారా మాత్రం ఆగలేదు. కొత్త రాష్ట్రానికి ఆబ్కారీ ఆదాయమూ లేదు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన గౌతు లచ్చన్న గారు గీత కార్మికుల పక్షాన నిలబడి 1954లో సత్యాగ్రహం నడిపారు. నిషేధం అమలు ఎలా ఉందో చూడడానికి ప్రభుత్వం వేసిన ఎస్.వి. రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తేయమని సూచించింది. ప్రభుత్వం ఆ సూచనను అమలు చేయలేదు.

షార్జాలో మద్యం అమ్మకం లేకపోవడం, పక్కనే దుబాయ్‌లో అనుమతి ఉన్న చోట్ల దొరకడం రోజూ చూస్తున్న మనకు, ఒక ప్రభుత్వం ఈ విషయంలో రెండు రకాలుగా ఆలోచించవచ్చని తెలుసు. కానీ కల్లు గీతే జీవనాధారమైన మనిషి కోణం నుంచి చూస్తే అది తాగడం, మానడం గురించిన చర్చ కాదు. సాయంత్రం పొయ్యి వెలగడం గురించిన చర్చ. ఆ రోజు కర్నూలు సభలో రెండు న్యాయాలు ఎదురెదురుగా నిలబడ్డాయని నాకు అనిపిస్తుంది. తాగుడు వల్ల కూలిపోయే సంసారాలు ఒకవైపు, గీత మానేస్తే పస్తులుండే సంసారాలు ఇంకొకవైపు.

నవంబర్ 6

రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర మంత్రివర్గం మొత్తం కలిసి శాసనసభకు జవాబుదారీ. 164వ అధికరణం చెప్పేది అదే. సభకు నమ్మకం పోయిందని తేలితే ముఖ్యమంత్రి వెళ్లిపోవాలి. తేలడానికి పద్ధతి చాలా సులువు. చర్చ ముగిశాక హాజరై ఓటు వేసిన వారి లెక్క తీస్తారు. ఎవరు ఎక్కువైతే వారిదే మాట. స్పీకర్ మామూలుగా ఓటు వేయరు, రెండు వైపులా సమానమైతేనే వేస్తారు. పార్టీ మాట దాటితే సభ్యత్వం పోయే చట్టం అప్పటికి లేదు. అది 1985లో వచ్చింది. కాబట్టి ఆ రోజు ప్రతి సభ్యుడి ఓటూ నిజంగా అతని చేతిలోనే ఉంది.

కమ్యూనిస్టులు, కృషికార్ లోక్ పార్టీ, మరికొందరు ఒకవైపు చేరారు. లెక్క తేలేసరికి ప్రభుత్వం ఒక్క ఓటుతో ఓడింది. ఒక్క సభ్యుడు అటు నుంచి ఇటు వచ్చి ఉంటే ప్రభుత్వం నిలిచేది.

82 ఏళ్ల వయసు, దశాబ్దాల ప్రజాజీవితం, సొంత రాష్ట్రం కల నెరవేరి ఏడాది దాటి నెల రోజులు. ఇన్ని వెనక ఉన్నా ఆ ఒక్క ఓటు ముందు ఏదీ చెల్లలేదు. ప్రకాశం గారు పదవి దిగిపోయారు. నవంబర్ 15న రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన వచ్చింది. తుపాకీకి ఎదురు నిలవడానికి ధైర్యం కావాలి, నిజమే. తనను కాదన్న లెక్కను ఒప్పుకుని కుర్చీ వదలడానికి కూడా ధైర్యం కావాలి. మొదటిది పాఠంలో ఉంది, రెండవది కూడా ఉండవలసిందని నా అభిప్రాయం.

ఆ తరువాత

1955లో మధ్యంతర ఎన్నికలు జరిగాయి. కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఒక కూటమిగా ఏర్పడి 196 స్థానాల్లో 146 గెలిచాయి. అంతకుముందు ఏడాది ఎదురెదురుగా ఉన్నవారే ఇప్పుడు ఒకే వేదిక ఎక్కారు. కమ్యూనిస్టులకు 15 సీట్లు వచ్చాయి. బెజవాడ గోపాలరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. మద్యం ప్రశ్న మాత్రం తెగలేదు. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళల సారా వ్యతిరేక పోరాటం తరువాత 1995లో ఎన్.టి. రామారావు గారు మద్యనిషేధం తెచ్చారు, ఆయన తరువాతి ప్రభుత్వం 1997లో దాన్ని సడలించింది. కర్నూలు సభలో వినిపించిన రెండు వాదనలే మళ్లీ హైదరాబాదులో వినిపించాయి.

ప్రకాశం గారు పదవి పోయాక కూడా ఇంట్లో కూర్చోలేదు. 1957 మే నెలలో, మండుటెండల్లో, ఒంగోలు ప్రాంతంలో హరిజనవాడల్లో తిరిగి వడదెబ్బ తగిలి పడిపోయారు. మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. వేసవిలో మధ్యాహ్నం పూట బయటి పనిని చట్టమే ఆపే దేశంలో ఉంటున్నాం, ఆ ఎండ ఎలాంటిదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 84 ఏళ్ల మనిషి ఆ ఎండలో తిరిగారు. 1972లో ఒంగోలు జిల్లాకు ఆయన పేరు పెట్టారు.

ఒక్క ఓటు కథ అక్కడితో ఆగలేదు. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజ్‌పేయి గారి ప్రభుత్వం 269కి 270తో పడిపోయింది. ఆ రోజు స్పీకర్ స్థానంలో ఉన్నది మన జి.ఎం.సి. బాలయోగి గారే. టీవీలో ఆ లెక్క చూసినవారు మనలో చాలామంది ఉన్నారు.

సభలో ఒక్క సభ్యుడి ఓటు అంత విలువైనదైతే, ఆ సభ్యుడిని పంపే మన ఓటు సంగతి ఏమిటి? భారత పౌరసత్వం ఉంచుకున్న ప్రవాసులకు 2011 నుంచి ఓటరుగా నమోదయ్యే హక్కు ఉంది. ఫారం 6ఎ నింపాలి, పాస్‌పోర్టులో ఉన్న ఊరి నియోజకవర్గంలో పేరు చేరుతుంది. ఓటు వేయడానికి మాత్రం స్వయంగా అక్కడికి వెళ్లాలి. సెలవు దొరకాలి, టికెట్ కొనాలి. నిజమే, కష్టం. కానీ పేరు నమోదు చేసుకోవడానికి టికెట్ అక్కరలేదు. ఒక్కడి ఓటుతో ఏమవుతుందిలే అనుకునే మిత్రులకు నేను 1954 నవంబర్ 6 గురించి చెబుతాను.

ఈ ఆగస్టు 23న మన సంఘాల్లో ప్రకాశం గారి జయంతి జరిపితే, పిల్లల చేత తుపాకీ సన్నివేశంతో పాటు కర్నూలు సభ కూడా వేయించండి. కొందరు ప్రభుత్వం వైపు, కొందరు గీత కార్మికుల వైపు మాట్లాడాలి, చివర ఓట్లు లెక్కపెట్టాలి. ఎవరు గెలుస్తారో ముందే చెప్పకండి.

ఆంధ్రకేసరికి జోహార్లు.