మిగిలిన తీరమును కొలిచిన నావికుడు

ఆస్ట్రేలియా పటమున వాయవ్య తీరము వేలకొలది ముక్కలుగా చీలి కానవచ్చును. లెక్కకు మిక్కిలియైన దీవులు, అఖాతములు, ఏటిమొగలు అచట కలవు. వానిలో పెక్కింటిని మొదటిసారి శ్రద్ధతో కొలిచి పటమున కెక్కించినవాడు ఫిలిప్ పార్కర్ కింగ్.

ఆయన 1791 డిసెంబరు 13వ తేదీన నార్ఫోక్ దీవిలో జన్మించెను. తండ్రి ఆ దీవికి పాలకుడు. తరువాత న్యూసౌత్‌వేల్స్‌కు గవర్నరయ్యెను. కుమారుడు ఇంగ్లండులో చదివి 1807లో నౌకాదళమున చేరెను.

ఆయనకు పూర్వము మాథ్యూ ఫ్లిండర్స్ ఆస్ట్రేలియాను చుట్టివచ్చెను. కాని 1802లో, ఉత్తర తీరమున నుండగా, తన ఓడ కొయ్యలు కుళ్ళిపోయినట్లు తెలిసికొని, వాయవ్య తీరమును కొలువకయే మరలవలసివచ్చెను. ఆ మిగిలిన పనిని ప్రభుత్వము 1817లో ఇరువదియైదేండ్ల కింగునకు అప్పగించెను.

ఆయనకు దొరకిన ఓడ పేరు మెర్మెయిడ్. కలకత్తా చెంతనున్న హౌరాలో టేకుకొయ్యతో కట్టినది. ఒకే కొయ్యస్తంభము, పెద్ద తెరచాపలు గల ఇట్టి ఓడలు వేగమునకు పేరుపొందినవి. మెర్మెయిడ్ పొడవు 56 అడుగులు మాత్రమే. నిండు బరువుతో నున్నను నీటిలో 9 అడుగులకు మించి మునుగదు. పెద్ద ఓడ తీరమునకు దూరముగా నిలువవలెను. అంతదూరమునుండి ఏటిమొగ కూడ చెట్లవరుసవలెనే తోచును. మెర్మెయిడ్ మాత్రము ఒడ్డు వెంబడి సాగి, లోపలికి చొచ్చి చూడగలదు. అయితే చిన్న ఓడలో తిండికి, మంచినీటికి చోటు తక్కువ. అందువలన పలుమార్లు పోయి రావలసివచ్చెను.

మొదటి యాత్రలో బంగరీ అను ఆదివాసి వెంటనుండెను. ఫ్లిండర్స్‌తో కూడ అతడు పయనించియుండెను. ఆ తీరములు నావికులకే క్రొత్తవి. అచటి జనులకు అనాదిగా స్వస్థలములు. వారు ఎదురైనపుడు బంగరీ సాయము విలువైనదయ్యెను. 1818లో కింగ్ మెల్విల్లి అనునది దీవియని తేల్చెను. సమీపమున మొసళ్లతో నిండిన నదులను చూచి, అవి ఆలిగేటరులని పొరబడి ఆ పేరే పెట్టెను. నేటికిని ఆ పేరు నిలిచియున్నది.

1820లో మూడవ యాత్రయందు ఓడ తూర్పు తీరమున నేలతగిలి దెబ్బతినెను. వాయవ్య తీరము చేరునప్పటికి నీరు లోనికి కారుచుండెను. సమీపమున రేవు లేదు, సహాయము లేదు. కింగ్ ఒక ఇసుకతీరమున ఓడను ఒరిగించి, అడుగు బాగుచేయించెను. ఆ దినములలో ఒక బ్రహ్మాండమైన బోబ్ చెట్టుమీద ఓడపేరును, సంవత్సరమును చెక్కిరి. అక్షరములు నేటికిని చదువవచ్చును. మన గోలకొండ నయాఖిలాలోని హతియాన్ వృక్షము ఈ చెట్టుకు దాయాది.

మరమ్మతు చేసినను ఓడ పూర్తిగా కుదుటపడలేదు. పని సగములో నున్నది. ముందుకు పోవలెనను కోరిక బలీయము. కాని కింగ్ తనవారి ప్రాణములను ఎంచి సిడ్నీకి మరలెను. మరుసటి ఏట బాథర్స్ట్ అను పెద్ద ఓడలో మరల వచ్చి, 1822 వరకు శ్రమించెను. పోటుకు పాటుకు నడుమ నీరు ముప్పది అడుగులకు పైగా ఎగిసిపడు ఆ సముద్రమున ఒక గొప్ప అఖాతము లోపలికి పోవుచున్నదని ఊహించెను గాని, ప్రవాహముల తాకిడివలన లోతుగా చూడజాలక విడిచెను.

1826 మొదలు 1830 వరకు దక్షిణ అమెరికా తీరములను కొలిచిన బృందమునకు ఆయనయే నాయకుడు. బీగిల్ ఆ బృందములోని ఓడ. 1838లో అదే బీగిల్ వాయవ్య ఆస్ట్రేలియాకు పోయి, కింగ్ విడిచిన అఖాతమును శోధించెను. దానికి కింగ్ సౌండ్ అని పేరిడిరి.

మెర్మెయిడ్ 1829లో క్వీన్స్‌లాండ్ తీరమున పగడపుదిబ్బపై పగిలెను. దాని శిథిలములు 2009లో కనుగొనబడినవి. కింగ్ 1855లో రియర్ అడ్మిరల్ పదవినంది, 1856 ఫిబ్రవరి 26వ తేదీన సిడ్నీలో కన్నుమూసెను. ఒకరు విడిచిన పనిని అందుకొనిన ఆయన, తాను చూడనిదానిని చూచినట్లు గీయక రాబోవువారికి విడిచెను. ఆ తీరపు పటము అట్లే పూర్తియయ్యెను.