ఘంటసాల వేంకటేశ్వరరావు: పాటయే చిత్రమునకు గురుతు

పల్లెకు చలనచిత్రము వచ్చుటకు ముందే దాని పాట వచ్చెడిది. పట్టణమున క్రొత్తచిత్రము విడుదలయైన కొలదిదినములకే పెండ్లిపందిరిలోని మైకుసెట్టునందో, తిరునాళ్ళయందో, టూరింగు టాకీసు గుడారముపై కట్టిన లౌడుస్పీకరునందో ఆ పాట మ్రోగెడిది. వాద్యములు రెండుక్షణములు పలికినంతనే, గాయకుడింకను నోరు విప్పకమునుపే, చేలలో కలుపుతీయు ఆడువారు సయితము ఇది ఫలానా చిత్రములోనిదని చెప్పగలిగెడివారు. వారిలో ఆ చిత్రమును చూచినవారు కొందరే. చూడని చిత్రమును వినికిడిచేతనే గుర్తించు ఈ నేర్పును తెలుగువారికి అలవరచినవారిలో ఘంటసాల వేంకటేశ్వరరావుగారు అగ్రగణ్యులు.

వారు 1922వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన, కృష్ణాజిల్లాలో గుడివాడకు సమీపముననున్న చౌటపల్లి గ్రామమున జన్మించిరి. తండ్రి సూరయ్యగారు, తల్లి రత్తమ్మగారు. సూరయ్యగారు మృదంగము వాయించుచు, నారాయణతీర్థులవారి తరంగములు పాడుచు ఊరూర భజనగోష్ఠులు జరిపెడివారు. బాలుడు తండ్రి భుజములపై కూర్చుండి ఆ గోష్ఠులకు పోయెడివాడు. తరంగములకు అనుగుణముగా నృత్యము చేసెడివాడు. ఇంట సంగీతము కలదుగాని సంపద లేదు. కుమారుని బాల్యముననే సూరయ్యగారు మరణించిరి. కొడుకు గొప్ప విద్వాంసుడు కావలెనన్నది ఆయన తుదికోరిక. కుటుంబభారము మేనమామపై పడెను.

తండ్రి మాట బాలుని మనస్సున నిలిచినదికాని, నేర్చుకొనుటకు త్రోవ కానరాలేదు. ఒక పొరుగూరి కచేరీలో విద్వాంసులతో పోటీకి దిగి, ఓడి నవ్వులపాలయ్యెను. ఆ అవమానమే పట్టుదలయయ్యెను. సంగీతము తెలిసినవారి యిండ్ల చేరి, ఇంటిపనులు చేయుచు విద్య కొరకు కాచుకొనియుండెను. పనియైతే దొరికినదిగాని విద్య అంతంతమాత్రమే దొరికినది. తుదకు తన చేతి బంగారు ఉంగరమును అమ్ముకొని, ఇంట చెప్పకయే విజయనగరమునకు బయలుదేరెను. చేరునప్పటికి సంగీత కళాశాలకు వేసవి సెలవులు! ప్రధానాచార్యులు ద్వారం వేంకటస్వామినాయుడుగారు దయతలచి కళాశాల ఆవరణములో ఉండుటకు అనుమతించిరి. తోటివారి దుడుకుతనము వలన ఆ నీడయు కొలదిదినములకే పోయెను. ఒక ఆలయమున తలదాచుకొనెను.

అట్టి తరుణమున ఆదుకొన్నవారు పట్రాయని సీతారామశాస్త్రిగారు. ఆయనయు ధనికులు కారు. తమ యింటనే శిష్యునికి పాఠము చెప్పిరిగాని భోజనము పెట్టు స్తోమత లేకుండెను. అందుచే శిష్యుడు జోలె భుజమున తగిలించుకొని విజయనగరపు వీధులలో మధుకరము చేసి, రెండుపూటలకు సరిపడు అన్నము తెచ్చుకొనెడివాడు. సంగీతకచేరీల వలన పిమ్మట కీర్తి గడించిన వారెందరో కలరు. ఇంటింట యాచించిన అన్నముతో స్వరసాధన చేసినవారు అరుదు. సెలవుల పిమ్మట కళాశాలలో చేరి, శాస్త్రోక్తముగ సంగీతవిద్యను పూర్తిగావించి స్వగ్రామము చేరిరి.

1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని, 18 మాసములు బళ్ళారిచెంత అలీపురము కారాగారమున గడపిరి. 1944లో సావిత్రిగారితో వివాహమైనది. ఆనాటి సాయంత్రము పెండ్లిపందిరిలో కచేరీ చేసినది పెండ్లికుమారుడే! అత్తవారి గ్రామమైన పెదపులివర్రులో చలనచిత్ర రచయిత సముద్రాల రాఘవాచార్యులుగారు ఆ కంఠమును విని మదరాసు రమ్మని ప్రోత్సహించిరి.

మదరాసు వెంటనే ఆదరింపలేదు. బస లేక పానగల్ పార్కులో రాత్రులు గడపిరని చెప్పుకొందురు. ఆకాశవాణిలో లలితగీతములు, చిత్రములలో బృందగానములు, చిన్నచిన్న వేషములు, ఇవియే తొలి ఆధారములు. 1945లో వాహినీవారి స్వర్గసీమలో భానుమతిగారితో కలసి పాడు అవకాశము లభించెను. పిదప సి. ఆర్. సుబ్బరామన్ గారికి రత్నమాల చిత్రములో సహాయకులైరి. 1949లో మనదేశము, కీలుగుఱ్ఱము చిత్రములకు, 1950లో విజయావారి తొలిచిత్రమైన షావుకారుకు సంగీతము వారిదే. అప్పటికి వారికి ముప్పదియేండ్లు నిండలేదు.

1951లో వెలువడిన పాతాళభైరవి వారి పేరును ప్రతి గ్రామమునకు చేర్చెను. కె. వి. రెడ్డిగారి దర్శకత్వము, పింగళి నాగేంద్రరావుగారి మాటలు పాటలు, వీనికి ఘంటసాలవారి బాణీలు. తోటమాలి కుమారుడును రాజకుమారియును పాడు యుగళగీతములను పి. లీలగారితో కలసి తామే పాడిరి. అయినను అన్నియు తామే పాడవలెనన్న తాపత్రయము లేదు. ప్రేమకొరకు ఆపదలో అడుగిడిన తోటరాముని చూచి జాలిపడు నేపథ్యగీతమును వి. జె. వర్మగారిచే పాడించిరి. రాణిగారి తమ్ముని ప్రేమగోలను ఆ వేషము వేసిన రేలంగిగారే పాడుకొనిరి. గొప్పకంఠముగల సంగీతదర్శకుడు పాత్రకు తగిన గొంతు తనది కాదని తెలిసికొనుట సామాన్యవిషయము కాదు.

ఆనాటి పాట గ్రామఫోను పలకకు లోబడి పుట్టెడిది. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ లక్కపలకపై ఒకవైపున ఇంచుమించు 3 నిమిషముల గానము మాత్రమే పట్టును. అందులోనే వాద్యములతో ఎత్తుగడ, పల్లవి, చరణములు ఇముడవలెను. రాగవిస్తారమునకు తావు లేదు. కావుననే ఎత్తుగడలోని నాలుగుస్వరములు ఇంటిగుమ్మమువలె నుండవలసివచ్చెను. గుమ్మము చూడగనే ఎవరియిల్లో తెలియవలెను. ధ్వనిముద్రణశాలలో గాయకులును వాద్యగాండ్రును ఏకకాలమున పాడి వాయించెడివారు. ఒకరు తప్పినను మరల మొదటినుండియే. ఘంటసాలవారు వాద్యముల సంఖ్యను పెంచుటకంటె మాట వినబడుటకే ప్రాధాన్యమిచ్చిరి. తరువాతికాలపు చిత్రములందు వాద్యఘోషలో మాట మునిగిపోయినదని పెద్దలు చింతించుటకు కారణము, ఈ స్పష్టతకు చెవులు అలవాటుపడుటయే.

1952లో కేంద్ర సమాచారశాఖ మంత్రియైన బి. వి. కేస్కర్ గారు ఆకాశవాణిలో చిత్రగీతములను అరికట్టిరి. శ్రోతలు మానిరా? రేడియో సిలోను వైపు ముల్లు త్రిప్పిరి. అచ్చటినుండి సముద్రముమీదుగ తెలుగుపాటలు వచ్చినవి. 1957లో వివిధభారతి వెలసినపిమ్మటగాని ఆకాశవాణి ఆ శ్రోతలను తిరిగి పిలుచుకొనలేకపోయెను. ఇక కొన్ని అణాలకు లభించు పాటల పుస్తకములు చిత్రశాలల వాకిట అమ్ముడయ్యెడివి. గ్రంథాలయపు బీరువాలలో వానికి చోటు దొరకకున్నను, అక్షరములు కూడబలుకుకొని చదువుట వానితోనే నేర్చినవారు పెక్కుమంది కలరు.

1957లో మాయాబజారు వచ్చెను. ఈ చిత్రసంగీతమంతయు ఘంటసాలవారిదేయని గ్రామములలో అనుకొనుట పరిపాటి. న్యాయముగ చెప్పవలెనన్న, మొదట సాలూరి రాజేశ్వరరావుగారు నాలుగుపాటలకు బాణీలు కట్టి విరమించుకొనిరి. వెన్నెలరేయి పడవపాట ఆ బాణీలలోనిదే. వానికి వాద్యసమ్మేళనము కూర్చి, తక్కిన పాటలు కట్టి, అంతయు ఒకేచేతి పనియనిపించునట్లు చేసినది ఘంటసాలవారు. పరుల బాణీని చెరుపకుండ నిలుపుట కూడ ఒక విద్యయే.

ఆ పడవపాటలో అక్కినేని నాగేశ్వరరావుగారి అభిమన్యునికిని, నందమూరి తారకరామారావుగారి కృష్ణునికిని గొంతు ఒక్కటే. అయినను కన్నులు మూసికొని విన్నవారికి నౌకలో ఎవరు పాడుచున్నారో తెలియును. ఒకరికి గొంతులో లేతదనము, మరియొకరికి నిండుదనము. ఘటోత్కచుడు విందును చూచి పరవశించు పాట అంతకుముందు నాటకములలో నలిగినదే, దానిని ఎస్. వి. రంగారావుగారి కొరకు మాధవపెద్ది సత్యముగారిచే పాడించిరి. మాయాశశిరేఖ పెండ్లిపాటలో సుశీలగారి కంఠము సాగుచుండగ, నడుమ హఠాత్తుగ ఘటోత్కచుని మగగొంతు బయటపడును. ఆ గొంతు ఘంటసాలవారిదే. అచ్చట నవ్వని ప్రేక్షకుడు లేడు.

ఇతరుల స్వరరచనలో పాడినను గురుతు చెడలేదు. సుబ్బరామన్ గారి దేవదాసులోని విషాదము, పెండ్యాల నాగేశ్వరరావుగారి జగదేకవీరుని కథలో శిలను కరగించు దీర్ఘమైన రాగగీతము, ఇవి వినగనే చిత్రమే కాదు, దృశ్యముకూడ కన్నులయెదుట నిలుచును.

పద్యము విషయమున వారు చేసినది మరింత గొప్పది. రంగస్థలమున పద్యమును దీర్ఘరాగములతో సాగదీయుట ఆచారము. ప్రేక్షకులు చప్పట్లుకొట్టి మరల పాడుమనెడివారు. భావము మాత్రము రాగములో కొట్టుకొనిపోయెడిది. ఘంటసాలవారు రాగమును కుదించి, మాటకు విరుపునిచ్చి, అర్థము తెలియునట్లు పాడిరి. కరుణశ్రీగారి పుష్పవిలాపము, కుంతీకుమారి గ్రామఫోను పలకలుగ వెలువడినపుడు, ఛందస్సు పేరైన నెరుగని పశువులకాపరులు ఆ పద్యములను కంఠస్థము చేసిరి. పుస్తకము చేరలేని చోటికి కావ్యమును ఆ కంఠము చేర్చెను.

1962లో గుండమ్మకథ, 1963లో లవకుశ వారి సంగీతముతో వెలువడినవి. లవకుశ 1958లో మొదలై, ధనాభావముచే నడుమ ఆగి, మరల సాగిన చిత్రము. తెలుగున పూర్తిగ రంగులలో వచ్చిన తొలిచిత్రమిదియే. కుశలవులు రామకథను గానము చేయు ఘట్టములను లీలగారును సుశీలగారును పాడిరి. గ్రామములనుండి బండ్లు కట్టుకొని, చద్దిమూటలతో వచ్చి చూచిన చిత్రమది. ఇండ్లకు తిరిగిపోవుచు దారిపొడుగున పిల్లలు జంటలుగ నిలిచి కుశలవులవలె పాడిరి.

తరువాత ఆరోగ్యము తగ్గెను. మధుమేహము బాధించెను. యువగాయకులను చూచి అసూయ చెందలేదు. 1969లో ఏకవీర చిత్రమున, తమకంటె ఎంతయో పిన్నవారైన ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారితో కలసి ఒకపాట పాడిరి. 1970లో పద్మశ్రీ లభించెను. 1971లో ఇంగ్లండు, జర్మనీ, అమెరికాలలోని తెలుగువారికి గానము వినిపించి వచ్చిరి.

తుదిదినములలో చేపట్టినది భగవద్గీత. శ్లోకములను ఎన్నుకొని, తెలుగు తాత్పర్యముతో పలకలకెక్కించిరి. అవి ప్రజలచేతికి అందునప్పటికి ఆయన లేరు. 1974వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన, 51 ఏండ్ల వయస్సున, మదరాసులో పరమపదించిరి.

కాలక్రమమున ఆ గీతకు పల్లెలలో ఒక విచిత్రమైన గతి పట్టినది. వేకువజామున మైకులో ఆ కంఠము వినబడినయెడల, ఎవరియింటనో మరణము సంభవించినదని గ్రహించి జనులు వీధిలోనికి వత్తురు. పోయినదెవరని ఒకరినొకరు అడుగుదురు. గీత జీవించువారికొరకు చెప్పినదనియు, దానిని చావుకబురు చేయుట తగదనియు పండితులు పలుమారు చెప్పిరి. ఆ మాటలో సత్యము కలదు. కాని దుఃఖవేళ ఇంటివారికి ఆ గొంతు దగ్గరి బంధువు వచ్చి కూర్చుండినట్లుండును. అందుచే ఎవరును మానలేదు.