రవీంద్రనాథ ఠాకూరుగారును పిల్లల ఋతునాటకములును

1861వ సంవత్సరము మే 7వ తేదీన కలకత్తాలోని జోడాసాంకో గృహమున రవీంద్రనాథ ఠాకూరుగారు జనించిరి. గొప్పయింటి బిడ్డయైనను వారి బాల్యము నౌకరుల చేతిలో గడచెను. శ్యాముడను నౌకరు సుద్దముక్కతో నేలపై గిరి గీసి, బాలుని అందులో కూర్చుండబెట్టి, దాటినచో కీడు కలుగునని బెదరించి పోవుచుండెను. బాలుడు ఆ గిరిలోనుండియే కిటికీగుండ క్రింది చెరువును, గట్టుననున్న మఱ్ఱిచెట్టును చూచుచు ప్రొద్దుపుచ్చుచుండెను. తరువాత చేర్చిన పాఠశాలలును వారికి గిరులవలెనే తోచెను, ఒక్కదానిలోను నిలువలేదు. మేము ఉపాధ్యాయులము గనుక ఈ మాట వ్రాయుటకు కొంచెము సిగ్గుపడుచున్నాము.

1901లో వారే ఒక పాఠశాల పెట్టిరి. స్థలము బోల్పూరు దగ్గఱి శాంతినికేతనము. వానలకు మన్ను కొట్టుకొనిపోయి గండ్లుపడిన యెఱ్ఱనేల అది. తండ్రి దేవేంద్రనాథులవారు 1863లో ఆ భూమి తీసికొనినపుడు, అక్కడ రెండు ఏడాకులపాల చెట్ల నీడయే వారికి ఆధారమాయెను. అట్టి నేలపై చెట్లు పెంచి, వాని క్రింద అయిదుగురు పిల్లలతో చదువు ఆరంభించిరి.

1907లో వసంతపంచమినాడు ఆ పిల్లలు ఋతువుల వేషములు ధరించి ఉత్సవము చేసిరి. అందుకు పూనుకొనినవాడు రవీంద్రనాథులవారి కడపటి కుమారుడు శమీంద్రుడు. ఆ యేడే నవంబరులో, సెలవులకు ముంగేరు వెళ్లిన ఆ బాలుడు విశూచి తగిలి, పదునొకండేండ్లు నిండకయే మరణించెను. అంతకుముందు అయిదేండ్లలోనే వారు భార్యను, ఒక కుమార్తెను, తండ్రిని పోగొట్టుకొనియుండిరి.

అంతటితో పాటలు మానివేసియున్నను ఎవరును తప్పుపట్టియుండరు. వారు మానలేదు. మఱుసటి యేడు, 1908లో, తమ పాఠశాల పిల్లలు ఆడుటకై శారదోత్సవమను గేయనాటకము వ్రాసిరి. అందులో శరత్కాలపు సెలవులకు పిల్లలు ఏటియొడ్డున పాడుచు తిరుగుదురు. లక్షేశ్వరుడను లోభి వారిని అదలించును. ఉపనందుడను బాలుడు మాత్రము ఆటకు రాక, చనిపోయిన గురువుయొక్క ఋణము తీర్చుటకై వ్రాతప్రతులకు నకళ్లు వ్రాయుచు కూర్చుండును. సన్న్యాసివేషమున వచ్చిన రాజు అతని ప్రక్కన చేరి తానును నకలు వ్రాయును. భూమి తాను పొందినదానిని పైరుగాను పూవులుగాను తిరిగి చెల్లించుచున్నది, ఈ బాలుడు చేయునదియు అదియే యని నాటకభావము. వార్షికోత్సవములలో పాట రాని చిన్నవానికి చెట్టువేషము వేసి మూల నిలుపు అలవాటు మాకు కలదు. శారదోత్సవములో ప్రకృతి అట్లు మూల నిలుచునది కాదు.

1913లో వారికి నోబెల్ బహుమానము వచ్చెను. 1919లో మన మదనపల్లెకు వచ్చి, జనగణమన గీతమును అక్కడ ఇంగ్లీషులోనికి మార్చిరి. ఇవి మన పిల్లలెఱిగినవే గనుక విడిచెదము.

మనుష్యుని లోభము అడవులను నఱికివేయుటచేతనే నేల ఎండిపోవుచున్నదని వారు తలంచిరి. కావున 1928లో, పాటతో సరిపెట్టక, శాంతినికేతనమున వృక్షారోపణోత్సవము నడపిరి. నాటినది కోడలుగారు కుండిలో పెంచిన పొగడమొక్క. బాలికలు శంఖములూదుచు, పాడుచు దానిని తెచ్చిరి. శాస్త్రిగారు శ్లోకములు చదివిరి. భూమి, నీరు, అగ్ని, గాలి, ఆకాశము ఆ మొక్కను కాపాడవలెనని ఒక్కొక్కదానికి ఒక్కొక్క పద్యమును, కడపట ఒక మంగళపద్యమును, మొత్తము ఆఱు, కవిగారే చదివిరి. మొక్కకు గంధము పూసి మాలవేసిరి. అరువదియేడేండ్ల వృద్ధుడు ఒక కుండిమొక్కకు పెండ్లికుమార్తెకు చేసినంత మర్యాద చేసెను!

1941 ఆగస్టు 7న, బంగాళీ పంచాంగమున శ్రావణము 22వ నాడు, వారు మరణించిరి. అటుతరువాత శాంతినికేతనమువారు వృక్షారోపణమును ఆ దినముననే జరుపుట ఆచారమాయెను. కవి వర్ధంతినాడు పిల్లలు పాడుచు, ఒక మొక్కను తెచ్చి తడినేలలో నాటుదురు.