కండబలం, బుద్ధిబలం – కహాల్ మహాశయుని జీవితం

మెదడు ఒకే వలగా అల్లుకున్న పదార్థం కాదని, విడివిడి కణాల కూర్పు అని లోకానికి చూపించిన మహనీయుడు స్పెయిన్ దేశానికి చెందిన శాంటియాగో రామోన్ ఇ కహాల్. ఆయనకు నోబెల్ బహుమతి వచ్చిన సంగతి చాలామందికి తెలుసు. యౌవనంలో ఆయన వస్తాదులా కండలు పెంచిన మనిషి అని మాత్రం కొద్దిమందికే తెలుసు. దేహ వ్యాయామానికీ బుద్ధికీ ఉన్న సంబంధం గురించి ఈ ప్రత్యేక సంచికకు రాయాలనుకున్నప్పుడు ఆయన జీవితమే తగిన ఉదాహరణ అని నాకు తోచింది.

కహాల్ 1852 మే 1న ఉత్తర స్పెయిన్‌లోని ఒక కుగ్రామంలో జన్మించారు. తండ్రి శస్త్రవైద్యుడు, పట్టుదల గల మనిషి. కుమారునికి బొమ్మలు వేయడం మీద ఉన్న మోజు ఆయనకు గిట్టేది కాదు. బాల్యంలో కహాల్ చదువులో నిలకడ లేనివారు, అల్లరిలో అగ్రగణ్యులు. పదకొండో ఏట సొంతంగా ఫిరంగి తయారుచేసి పొరుగువారి గేటును పేల్చివేసి, కొద్దిరోజులు జైలులో ఉన్నారు. మంగలి వద్ద, చెప్పులు కుట్టేవారి వద్ద పనిలో పెట్టి చూశారు. చివరికి తండ్రే ఎముకలు చేతికిచ్చి శరీర నిర్మాణ శాస్త్రం నేర్పారు. బొమ్మలు గీసే చెయ్యి అక్కడ అక్కరకు వచ్చింది.

సారగోసా నగరంలో వైద్యం చదివే రోజుల్లో ఆయన ఒక సహాధ్యాయితో చెయ్యి వంచే పందెం వేసి ఓడిపోయారు. ఆ ఓటమి ఆయనను నిలవనీయలేదు. వెంటనే ఒక వ్యాయామశాలలో చేరారు. యజమానికి కండరాల గురించి పాఠాలు చెప్పి, ఆ రుసుము బదులుగా రోజుకు రెండు గంటలు సాధన చేసేవారు. ఏడాది తిరగకముందే అక్కడి బలవంతులలో మొదటివారయ్యారు. ఛాతీ చుట్టుకొలత 112 సెంటీమీటర్లు, అంటే సుమారు 44 అంగుళాలు! కాని ఆ మోజులో పుస్తకాల మీద ధ్యాస తగ్గిందని, అతి వ్యాయామం బుద్ధిని మొద్దుబారుస్తుందని ఆయన తన ఆత్మకథలో తరువాత అభిప్రాయపడ్డారు. వ్యాయామం వద్దని కాదు, మితం తప్పకూడదని ఆయన ఉద్దేశం.

1873లో పట్టా పుచ్చుకుని, 1874లో సైనిక వైద్యునిగా క్యూబా వెళ్లారు. అక్కడ మలేరియా ఆ కండల దేహాన్ని కొద్దినెలల్లోనే శల్యం చేసింది. తిరిగివచ్చి, సైన్యంలో వచ్చిన జీతం నుంచి మిగిల్చిన సొమ్ముతో ఒక సూక్ష్మదర్శిని కొన్నారు. 1878లో క్షయ సోకింది. కొండప్రాంతపు గాలి, విశ్రాంతి, ఫొటోలు తీయడం అనే వ్యాపకం ఆయనను నిలబెట్టాయి. 1879లో సిల్వేరియా గారిని వివాహమాడారు. ఏడుగురు సంతానం గల ఆ సంసారాన్ని చిన్న జీతంతో ఆమె నడిపిన తీరు మన ఇళ్లలోని ఆడవారికి కొత్తగా అనిపించదు.

1883లో వలెన్సియాలో ఆచార్యులయ్యారు. అక్కడ మిత్రులతో కలిసి సంఘం పెట్టి, ఆదివారాలలో ఊరి బయట తిరిగివచ్చేవారు. 1887లో మాడ్రిడ్‌లో ఒక మిత్రుని వద్ద, ఇటలీ శాస్త్రజ్ఞుడు గోల్జీ కనిపెట్టిన వెండి రంగు పద్ధతిని చూశారు. ఆ రంగు కొద్ది కణాలకే పట్టి, వాటిని కొమ్మలు, వేళ్లతో సహా నల్లగా చూపిస్తుంది. కహాల్ దానిని మెరుగుపరచి, లేత పక్షి పిండాల మెదళ్లపై ప్రయోగించారు. నరాల కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోవని, దగ్గరగా వచ్చి సంబంధం పెట్టుకుంటాయని తేల్చారు. 1888లో సొంత ఖర్చుతో పత్రిక పెట్టి, 60 ప్రతులు అచ్చువేయించారు. 1889లో బెర్లిన్ వెళ్లి పెద్దలకు స్వయంగా సూక్ష్మదర్శినిలో చూపించారు. 1906లో గోల్జీతో కలిసి నోబెల్ అందుకున్నారు. విచిత్రమేమంటే, గోల్జీ తన ఉపన్యాసంలోనూ కహాల్ సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు.

1894లో లండన్ రాయల్ సొసైటీలో కహాల్ ఒక ముఖ్యమైన ఊహ చెప్పారు. సాధన చేస్తే కండరం పెరిగినట్లే, బుద్ధికి పని చెబితే నరాల కణాల మధ్య సంబంధాలు పెంపొందవచ్చునని! వ్యాయామశాలలో చెమటోడ్చిన మనిషికి ఈ పోలిక తట్టడం సహజమే అనుకుంటాను.

ఈ కాలపు శాస్త్రం మరో అడుగు వేసింది. జర్మనీలోని మ్యూన్‌స్టర్ శాస్త్రజ్ఞులు, అమెరికాలో సేకరించిన 1,206 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకుల వివరాలు పరిశీలించి 2019లో ఫలితాలు ప్రకటించారు. 2 నిమిషాలలో ఎంత దూరం నడవగలరన్నదే అందులో దేహదారుఢ్యానికి కొలత. ఎక్కువ దూరం నడిచినవారిలో సగటున మెదడు భాగాలను కలిపే నరాల తంతువుల నిర్మాణం మెరుగ్గా కనిపించింది. జ్ఞాపకం, ఆలోచన పరీక్షలలోనూ వారు ముందున్నారు. అయితే నడక వల్లనే బుద్ధి పెరిగిందని దీనితో రుజువైనట్లు కాదు. రెండూ కలిసి కనిపించాయి, అంతే.

ఇదంతా ఎందుకు రాశానంటే, మన మనుమలు, మనుమరాళ్ల కోసమే. చదువు పేరిట తెల్లవారుజాము నుంచి రాత్రి వరకు వారిని గదులలో కూర్చోబెడుతున్నాము. ఆటస్థలం లేని కళాశాలలకు వేలకు వేలు కడుతున్నాము. ఆటకు పోతే మార్కులు పోతాయన్న భయం తల్లిదండ్రులది. ఆ పిల్లలకు పూటకో అరగంట నడకకైనా, ఆటకైనా వీలు కల్పించమని ఇంట్లో పెద్దలుగా మనం చెప్పాలి. వ్యాయామశాలకే అంకితమైపోయే కుర్రవానికి కహాల్ కథ చెప్పాలి.

కహాల్ 1922లో, 70వ ఏట పదవీ విరమణ చేశారు. అయినా పని మానలేదు. ఎనభై ఏళ్ల వయసులో లోకం ఎలా కనిపిస్తుందో చెప్పే పుస్తకం కూడా రాశారు. 1934 అక్టోబరు 17న కన్నుమూశారు. మన సభ్యులు ఉదయపు నడకకు బయలుదేరేటప్పుడు, సెలవు రోజున మనుమలను కూడా వెంటబెట్టుకు రావలసిందిగా నా మనవి.