సూరి భగవంతం
సూరి భగవంతం (అక్టోబర్ 14, 1909 - ఫిబ్రవరి 6, 1989) సుప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త. స్ఫటికాల భౌతిక ధర్మాలపై విశేష పరిశోధనలు చేసాడు. ఎలక్ట్రానిక్ విడిభాగాలు దేశంలోనే తయారు కావాలని సూచించిన భాభా కమిటీలో సభ్యుడు.

== బాల్యం, విద్య ==
భగవంతం నాటి కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లిలో జన్మించాడు. ఈ గ్రామం విజయవాడలోని గుణదలకు ఈశాన్య దిశలో ఉంది. 2022 నుండి ఏలూరు జిల్లాకు చెందుతుంది. హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టభద్రుడై, 1928లో కలకత్తా వెళ్ళి సి.వి.రామన్ వద్ద పరిశోధనలో చేరాడు.

== పరిశోధనలు ==
1931లో రామన్‌తో కలిసి, కాంతి కణమైన ఫోటాన్‌కు భ్రమణం (స్పిన్) ఉన్నదనడానికి ప్రయోగపూర్వక నిదర్శనం చూపాడు. తరువాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. అక్కడ భీమసేనాచార్‌తో కలిసి, అతిధ్వని తరంగాల సాయంతో స్ఫటికాల స్థితిస్థాపక స్థిరాంకాలను కొలిచే పద్ధతిని రూపొందించాడు.

ఒక పదార్థం ఏ పనికి వస్తుందో దాని అణువుల అమరికలోని సౌష్ఠవం చాలావరకు నిర్ణయిస్తుంది. సౌష్ఠవం అతి తక్కువగా ఉన్న స్ఫటికానికి 21 స్థితిస్థాపక స్థిరాంకాలు అవసరం కాగా, ఘనాకార స్ఫటికానికి 3 సరిపోతాయి. సౌష్ఠవ కేంద్రం ఉన్న స్ఫటికాన్ని నొక్కినా విద్యుదావేశం పుట్టదు. ఆ కేంద్రం లేని క్వార్ట్జ్‌లో పుడుతుంది. అందువల్లనే రేడియో ప్రసారిణులలో పౌనఃపున్యాన్ని స్థిరంగా ఉంచడానికి క్వార్ట్జ్ పలకలు వాడతారు. ఇటువంటి లెక్కలకు గణితంలోని సమూహ సిద్ధాంతాన్ని అన్వయిస్తూ, టి.వెంకటరాయుడుతో కలిసి 1948లో ఆంగ్లంలో గ్రంథం వెలువరించాడు. స్ఫటిక సౌష్ఠవంపై మరొక గ్రంథం 1966లో వెలువడింది.

== పదవులు ==
* ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతి (1952-57)
* బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకుడు (1957-62)
* రక్షణ మంత్రికి వైజ్ఞానిక సలహాదారు (1961-69)

== ఎలక్ట్రానిక్స్ కమిటీ ==
1962 చైనా యుద్ధం రక్షణ పరికరాల కొరతను బయటపెట్టింది. మరుసటి ఏడాది ప్రభుత్వం హోమీ భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీని నియమించింది. విక్రం సారాభాయ్, ఎ.ఎస్.రావు, భగవంతం అందులో సభ్యులు. పరికరాలను దేశంలో కూర్చినా, లోపలి విడిభాగాలు, వాటికి కావలసిన పదార్థాలు దిగుమతి అవుతున్నంతకాలం స్వావలంబన అసాధ్యం. కమిటీ 1966 నివేదికలో పదేళ్ళ అభివృద్ధి ప్రణాళికను సూచించింది. మరుసటి సంవత్సరం హైదరాబాదులో ఎ.ఎస్.రావు సారథ్యాన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ (ఇ.సి.ఐ.ఎల్.) ఏర్పడింది.

== మరణం ==
భగవంతం 1989 ఫిబ్రవరి 6న మరణించాడు. పదార్థపు అంతర్నిర్మాణాన్ని బట్టి దాని ధర్మాలను ముందే లెక్కగట్టే విధానం ఎలక్ట్రానిక్ పదార్థాల పరిశోధనకు నేటికీ ఆధారంగా ఉన్నది.