సార్థక నిరీక్షణ

ఒక విద్యను అభ్యసించాలనే సంకల్పం కలగడానికీ, ఆ విద్యాలయంలో అడుగుపెట్టడానికీ నడుమ కొన్నిసార్లు ఏళ్ళ తరబడి ఎడం ఏర్పడుతుంది. ఆ ఎడాన్ని వ్యర్థకాలంగా తలచి కుంగిపోయేవారు కొందరు. దానినే సాధనకాలంగా మలచుకొనేవారు మరికొందరు. అమెరికాలో వైద్యపట్టా పొందిన తొలి మహిళ ఎలిజబెత్ బ్లాక్‌వెల్ ఈ రెండో కోవకు చెందినది.

ఎలిజబెత్ 1821 ఫిబ్రవరి 3న ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో జన్మించింది. తండ్రి శామ్యూల్ బ్లాక్‌వెల్ చక్కెర శుద్ధి చేసే కర్మాగారాన్ని నడిపేవాడు. ఆడపిల్లలకు మగపిల్లలతో సమానమైన చదువు ఉండాలనీ, బానిసత్వం తొలగిపోవాలనీ నమ్మిన వ్యక్తి. 1832లో ఆ కుటుంబం అమెరికాకు వలసవెళ్ళింది. 1838లో ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి నగరానికి చేరిన కొద్దికాలానికే తండ్రి మరణించాడు. అప్పటికి ఎలిజబెత్ వయస్సు 17 ఏళ్ళు. తొమ్మిదిమంది పిల్లలున్న ఆ ఇంట సంపాదించేవారు లేకపోయారు. అక్కలతో కలిసి ఆమె బాలికల కోసం ఒక పాఠశాలను ప్రారంభించి కుటుంబ పోషణలో పాలుపంచుకొంది.

1844లో ఆమె కెంటకీ రాష్ట్రంలోని హెండర్సన్ పట్టణానికి ఉపాధ్యాయినిగా వెళ్ళింది. అక్కడ బానిసల దుస్థితిని కళ్ళారా చూసి, ఆ వాతావరణంలో ఇమడలేక తిరిగివచ్చింది. ఆ తరువాత తీవ్రవ్యాధితో బాధపడుతున్న ఒక స్నేహితురాలిని ఆమె పరామర్శించింది. తనకు స్త్రీ వైద్యురాలు చికిత్స చేసి ఉంటే ఇంత వేదన ఉండేది కాదని ఆ రోగి వాపోయింది. వైద్యం చదవమని ఎలిజబెత్‌ను ప్రోత్సహించింది. ఎలిజబెత్‌కు ఆ ఆలోచన మొదట రుచించలేదు. శరీరానికీ, రోగాలకూ సంబంధించిన విషయాలంటే ఆమెకు ఏవగింపు. అయినా ఆ మాట మనస్సును వీడలేదు. సలహా కోరుతూ ఆమె పలువురు వైద్యులకు లేఖలు రాసింది. ఉద్దేశం మంచిదే కాని ఆచరణ అసాధ్యమని వారు బదులిచ్చారు. అసాధ్యమన్న ఆ మాటే ఆమె పట్టుదలను పెంచింది.

ఆమెకు అప్పుడు కావలసినవి రెండు: చదువుకు తగిన ధనం, వైద్యశాస్త్రంలో ప్రాథమిక జ్ఞానం. ఈ రెంటినీ సమకూర్చగల పనిని ఆమె వెతుక్కొంది. 1845లో ఉత్తర కరొలైనాలోని ఆష్‌విల్ పాఠశాలలో సంగీత ఉపాధ్యాయినిగా చేరింది. ఆ పాఠశాలను నిర్వహించే మతాచార్యుడు జాన్ డిక్సన్ పూర్వం వైద్యుడు. ఆయన గ్రంథాలయంలోని వైద్యగ్రంథాలను చదువుకొనే అవకాశం ఆమెకు లభించింది. అక్కడి చట్టం బానిసలకు చదవడం, రాయడం నేర్పడాన్ని నిషేధించింది. అయినా ఆమె వారికోసం ఆదివారపు పాఠశాల ఏర్పాటుచేసి, ఆ కట్టుబాటు లోపల చేయగలిగినంత మేలు చేయడానికి ప్రయత్నించింది.

ఒకనాడు పరిచితురాలొకామె చచ్చిన పెద్ద పురుగును తెచ్చి, తొలి శవపరీక్షకు పనికివస్తుందని పరిహాసమాడింది. ఎలిజబెత్ దానిని తలపిన్నుతో అదిమిపట్టి, చిన్న చాకుతో కోయడానికి ఎంతోసేపు తటపటాయించింది. చివరకు మనస్సు దిటవు చేసుకొని కోసింది. లోపల కనిపించింది కాస్త పసుపుపచ్చని ధూళి మాత్రమే. కాని తన జంకుపై ఆమె సాధించిన తొలి విజయం అది.

ఆ పాఠశాల మూతపడగా 1846లో దక్షిణ కరొలైనాలోని చార్లెస్టన్ నగరానికి వెళ్ళింది. జాన్ డిక్సన్ సోదరుడు శామ్యూల్ హెన్రీ డిక్సన్ అక్కడ వైద్యాచార్యుడు. ఆమె ఒక బాలికల పాఠశాలలో సంగీతం నేర్పుతూ, మిగిలిన వేళల్లో ఆయన సూచించిన గ్రంథాలను చదివింది. బోధన ఆమెకు ప్రియమైన వృత్తి కాదు. అయినా తన గమ్యానికి అది సోపానమని గ్రహించి, శ్రద్ధగా నిర్వర్తించి, జీతాన్ని పొదుపు చేసింది.

1847లో ఫిలడెల్ఫియా చేరి, ఒక వైద్యుని వద్ద ప్రత్యేకంగా శరీరనిర్మాణశాస్త్రం నేర్చుకొంది. మానవుని మణికట్టులోని నిర్మాణాన్ని చూసినప్పుడు ఆమెలోని ఏవగింపు అబ్బురంగా మారింది. అక్కడి కళాశాలలు మాత్రం ఆమెను చేర్చుకోలేదు. మారువేషంలో పారిస్ వెళ్ళి చదవమని కొందరు సలహా ఇచ్చినా ఆమె అంగీకరించలేదు. చివరకు న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా వైద్యకళాశాల ఆ నిర్ణయాన్ని తన విద్యార్థులకే వదలిపెట్టింది. వారు దానిని వేడుకగా భావించి ఏకగ్రీవంగా సమ్మతించారు. ఆ సమ్మతే ఆమెకు ద్వారం తెరిచింది. 1849 జనవరి 23న ఎలిజబెత్ వైద్యపట్టా అందుకొంది.

ఆ తరువాత పారిస్‌లోని ప్రసూతి వైద్యశాలలో పనిచేస్తుండగా, ఒక శిశువు కంటికి చికిత్స చేసే సమయంలో వ్యాధి సోకి ఆమె ఒక కంటిచూపు కోల్పోయింది. శస్త్రవైద్యురాలు కావాలన్న కోరిక అంతటితో భగ్నమైంది. అయినా వైద్యవృత్తిని విడువలేదు. 1857లో చెల్లెలు ఎమిలీతోనూ, మేరీ జక్రెవ్‌స్కా అనే వైద్యురాలితోనూ కలిసి న్యూయార్క్‌లో పేద స్త్రీలకూ, పిల్లలకూ వైద్యశాలను నెలకొల్పింది. 1868లో దానికి అనుబంధంగా స్త్రీల వైద్యకళాశాల వెలసింది. మరుసటి ఏడు ఇంగ్లండుకు తిరిగివెళ్ళి, 1874లో లండన్‌లో స్థాపితమైన స్త్రీల వైద్యకళాశాలకు తోడ్పడింది. బొంబాయికి చెందిన రుక్మాబాయి ఆ కళాశాలలోనే చదివి, స్వదేశంలో వైద్యసేవ చేసింది. ఎలిజబెత్ 1910 మే 31న హేస్టింగ్స్‌లో కన్నుమూసింది.

సంకల్పం కలిగిన నాటినుండి కళాశాలలో చేరేవరకు ఆమె గడిపింది రెండేళ్ళకు పైబడిన కాలం. ఆ కాలం ఆమెకు ధనాన్ని మాత్రమే ఇవ్వలేదు. తనకు నిజంగా కావలసినదేమిటో పరీక్షించుకొనే అవకాశం, జంకును జయించే అభ్యాసం, తనకంటే దీనులైనవారి బ్రతుకును దగ్గరగా చూసే అనుభవం ఇచ్చింది. ప్రవేశం ఎప్పుడు లభిస్తుందన్నది ఆమె చేతిలో లేదు. అంతవరకు ఏ పని చేయాలన్నది మాత్రం ఆమె చేతిలోనే ఉంది. ఆ పనిని ఆమె వివేకంతో ఎంచుకొంది.